తీగ సాగితే చాలదు: డెల్టా నీళ్లకు నిలిచే గ్రీజులో పాలిమర్ కలపడం ఎలా

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున గ్రీజుకు ఒకటే పరీక్ష. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కి విడదీస్తారు. తీగ ఎంత పొడవు సాగితే సరుకు అంత మంచిదని లెక్క. సాగకపోతే "ఇందులో జిగురు లేదండీ" అని డబ్బా వెనక్కి నెడతారు. చిన్న షెడ్డులో గ్రీజు వండి అమ్మిన రోజుల్లో ఆ తీగ కోసమే నేను చాలా పాలిమర్ (గ్రీజుకు జిగురునిచ్చే రబ్బరు లాంటి సరుకు) తగలేశాను. బారెడు సాగిన గ్రీజు పది రోజులకే కొట్టుకుపోయింది. అంగుళం కూడా సాగని గ్రీజు పంట పట్టేదాకా బేరింగులోనే కూర్చుంది. రెండూ చూశాక గానీ సంగతి తలకెక్కలేదు. అరిసెలకు ఒక పాకం, జీళ్లకు ఒక పాకం ఉన్నట్టే గ్రీజులో పాలిమర్‌కూ ఎక్కడికి ఏది అన్న లెక్క ఉంది.

ఈ వ్యాసం చిన్న స్థాయిలో గ్రీజు తయారు చేసేవారికి, తయారైన గ్రీజును తమ పనికి తగ్గట్టు మార్చుకోవాలనుకునే వర్క్‌షాపుల వారికి. కొని వాడేవారికి కూడా అమ్మేవాడిని ఏమి అడగాలో తెలుస్తుంది.

మొదటి మెట్టు: గ్రీజు ఎలా చెడుతోందో చూడండి

పాలిమర్ కొనడానికి ముందు పాడైన బేరింగు ఒకటి విప్పి చూడండి. మన ప్రాంతంలో గ్రీజు వేడికి చచ్చేది తక్కువ, నీళ్లకు చచ్చేదే ఎక్కువ. అయితే నీళ్లు అన్ని చోట్లా ఒకేలా రావు.

చెరువు నీటిని తెడ్లతో చిలికి గాలి కలిపే ఏరియేటర్‌లో మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరిగితే గేరు దాటాక తెడ్ల షాఫ్టు నిమిషానికి వంద చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది. దాని బేరింగు బ్లాకుల మీద ఉప్పు నీటి జల్లు రాత్రంతా కొడుతూనే ఉంటుంది. అంటే వేగం తక్కువ, జల్లు ఎక్కువ. దమ్ము చేసే ట్రాక్టరు ముందు హబ్బులో పరిస్థితి వేరు. అక్కడ నీరు జల్లుగా రాదు, బురదగా సీలు పక్కనుంచి దూరి గ్రీజుతో కలిసి పిసుక్కుంటుంది. హబ్బు విప్పితే గ్రీజు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తుంది. మండపేట, తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లుల్లో బ్లోయరు బేరింగుకు నీళ్లతో పని లేదు. దుమ్ము, వేగం, వేడి దాని శత్రువులు. కాలువల లాకుల తలుపులు మరో రకం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి అల్లుకుంటూ వచ్చిన కాలువల మీద ఆ తలుపుల కీళ్లు నెలల తరబడి కదలకుండా నీళ్లలో ఉంటాయి. కదిలిన రోజున బరువంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

ఈ నాలుగింటికీ ఒకే డబ్బా గ్రీజు వాడుతున్నాం. నాలుగింటికీ ఒకే పాలిమర్ వెయ్యబోవడం రెండో తప్పు. అందుకే ముందు ఒక కాగితం మీద వేగం ఎంత, నీళ్లు జల్లా, మునకా, బురదా, చేత్తో ముట్టుకుంటే బేరింగు ఎంత వేడిగా ఉంది, ఎన్ని రోజులకు ఒకసారి గ్రీజు కొడుతున్నారు, ఇవి రాసుకోండి. తర్వాతి మెట్లన్నీ ఈ కాగితం మీదే ఆధారపడతాయి.

రెండో మెట్టు: పాలిమర్ లోపల ఏమి చేస్తుందో తెలుసుకోండి

గ్రీజులో ముప్పాతికకు పైగా నూనే. దాన్ని కదలకుండా పట్టుకునేది సబ్బు. మనకు ఎక్కువగా దొరికే రకంలో అది ఆముదం నుంచి వచ్చే 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లానికీ లిథియం క్షారానికీ పుట్టిన సబ్బు. సూక్ష్మదర్శినిలో చూస్తే కొబ్బరి పీచు చిక్కుపడినట్టుంటుంది. ఆ పీచు సందుల్లో నూనె నిలుస్తుంది, బేరింగు తిరిగినప్పుడు కొద్దికొద్దిగా ఊరుతుంది.

పాలిమర్ అంటే పొడవైన గొలుసు అణువు. అది గ్రీజులో మూడు పనులు చేయగలదు. నూనెలో కరిగి దాన్ని చిక్కబరుస్తుంది. సాగే గుణం ఇచ్చి లోహానికి అంటిపెట్టుకునేలా చేస్తుంది. ఇక మూడోది, అందరూ మరిచేది: సబ్బు పీచు మధ్య తానూ ఒక వలగా అల్లుకుని పీచును పట్టి ఉంచుతుంది. నీళ్ల జల్లుకు గ్రీజు ముక్కలై రాలకుండా కాపాడేది ముఖ్యంగా ఈ మూడో పని. వేళ్ల మధ్య కనబడే తీగ రెండో పనికి గుర్తు మాత్రమే. కొబ్బరి తాడు కొనేటప్పుడు పురి చూస్తాం, పొడవు ఒక్కటే చూడం కదా.

పాలిమర్ చేయలేనివీ ఉన్నాయి. అది తుప్పును ఆపదు. ఉప్పు నీళ్లలో గ్రీజు చెక్కుచెదరకుండా ఉండి, దాని కింద బేరింగు ఎర్రబడటం నేను చూశాను. తుప్పు నిరోధకం, ఉదాహరణకు కాల్షియం సల్ఫోనేట్ వంటిది, విడిగా పడాలి. సోడియం సబ్బు గ్రీజును కూడా పాలిమర్ కాపాడలేదు. ఆ సబ్బే నీళ్లలో కరిగే రకం.

మూడో మెట్టు: రకం ఎంచుకోండి

పాలీఐసోబ్యూటిలీన్, వ్యాపారంలో పీఐబీ, పాత కాపు. తీగ సాగేది దీనితోనే. జిగురు కోసం వాడే రకంలో అణుభారం పది లక్షల నుంచి నలభై లక్షల దాకా ఉంటుంది. అంత పొడవు గొలుసును నేరుగా కరిగించడం కష్టం కనుక నూనెలో కరిగించిన గాఢ ద్రవంగా అమ్ముతారు. అడ్డదిడ్డంగా సాగే ఆ ద్రవాన్ని డబ్బాలోంచి వంచి పోయడమే ఒక విద్య. తెగని తీగను కోయడానికి కత్తెర దగ్గర పెట్టుకోవాలి. నెమ్మదిగా తిరిగే బుష్‌లు, గొలుసులు, బయటికి కనబడే పళ్ల చక్రాలు, లాకుల కీళ్లు దీనికి తగిన చోట్లు. దీని బలహీనత కూడా దాని పొడవే. గ్రీజును నలిపే మిల్లులో, వేగంగా తిరిగే బేరింగులో ఆ అణువు గొలుసు తెగుతుంది. ఒకసారి తెగితే మళ్లీ అతకదు. ఎక్కువ వేడికి విడిపోయి పలచబడుతుంది కూడా.

ఇథిలీన్-ప్రొపిలీన్ కోపాలిమర్‌ను ఓసీపీ అంటారు. మల్టీగ్రేడ్ ఇంజిన్ ఆయిల్‌లో చిక్కదనం నిలబెట్టే కుటుంబమే ఇది. పీఐబీ అంత సాగదు, వేళ్ల పరీక్షలో మార్కులు తక్కువ. కానీ నలుగుడుకూ వేడికీ ఎక్కువ ఓర్చుకుంటుంది. డెల్టాలో ఒక్కటే పాలిమర్ ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. హబ్బు బేరింగులు, ఏరియేటర్ బ్లాకులు, పంపుల బేరింగులు ఇందులోకి వస్తాయి.

మాలెయిక్ ఎన్‌హైడ్రైడ్ అంటుకట్టిన ఓసీపీ దీనికి తమ్ముడు. మామిడికి అంటు కట్టినట్టే గొలుసు మీద ఒక చురుకైన కొమ్మ అతికిస్తారు. సబ్బు తయారయ్యేటప్పుడు ఆ కొమ్మ క్షారంతో చర్య జరిపి సబ్బు పీచుకే ముడిపడుతుంది. తీగ దాదాపు సాగదు, జల్లుకు మాత్రం గట్టిగా నిలుస్తుంది. పీచుకు బలం వస్తుంది కనుక సబ్బు పాలు కొంత తగ్గించుకోవచ్చు. లిథియం ధర చూసేవారికి ఇది చిన్న విషయం కాదు. అయితే తయారైన గ్రీజులో కలిపితే దీని విశేషం చాలావరకు వృథా. వంటలోనే పడాలి.

స్టైరీన్ బ్లాక్ కోపాలిమర్లు నాలుగో రకం. వీటి గొలుసు చివర్లలోని స్టైరీన్ భాగాలు ఒకదానితో ఒకటి గుమిగూడి ముడులు వేసుకుంటాయి. అందుకే నూనెను జున్నులా పట్టేస్తాయి, జల్లుకు గట్టిగా నిలుస్తాయి. ఆ ముడులు సుమారు వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడతాయి. చల్లగా తిరిగే చోట బంగారం, వేడెక్కే చోట వద్దు.

పాలీమెథాక్రిలేట్లు మంచు దేశాలకు ఎక్కువ పనికొస్తాయి. మనకు వాటి మీద డబ్బు పెట్టే అవసరం కనబడదు. పీటీఎఫ్ఈ పొడిని కూడా కొందరు ఇదే వరుసలో చేరుస్తారు. అది నూనెలో కరగదు. రాపిడి తగ్గించే ఘన కందెనే తప్ప గ్రీజును పట్టి ఉంచే వల కాదు. పాలీయూరియా పేరు విని పాలిమర్ సంకలితం అనుకునేవారూ ఉన్నారు. అది సబ్బు స్థానంలో వాడే గట్టిపరిచే పదార్థం, లిథియం గ్రీజుతో కలిపితే తరచూ రెండూ నీరుగారిపోతాయి.

సైకిల్ ట్యూబుకు అతుకులేసే రబ్బరు ద్రావణం గ్రీజులో కలిపిన మేస్త్రి ఒకాయన నాకు తెలుసు. తీగ అద్భుతంగా సాగింది. ద్రావకం ఆవిరయ్యాక, సహజ రబ్బరు గాలికి ముదిరాక, బేరింగులో మిగిలినదాన్ని ఉలితో గీకి తీశాం. గొలుసులో ద్విబంధాలున్న (కార్బన్ల మధ్య జంట బంధాలు, గాలి దాడి చేసేది అక్కడే) రబ్బరు వేడికీ గాలికీ నిలవదు. పైన చెప్పిన వాటిలో ఆ ద్విబంధాలు లేకుండా చేసినవే వాడతారు.

నాలుగో మెట్టు: నాలుగు సీసాలు

వంద కిలోల డ్రమ్ములో ప్రయోగం మొదలుపెట్టకండి. అరకిలో చొప్పున నాలుగు వెడల్పాటి సీసాలు చాలు. మొదటిదాంట్లో పాలిమర్ వద్దు. అది లేకుంటే మిగతా మూడూ దేనికన్నా మెరుగో చెప్పలేరు. మిగతా వాటిలో అసలు పాలిమర్ బరువు లెక్కన 0.5 శాతం, 1 శాతం, 2 శాతం వేయండి.

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. గాఢ ద్రవంలో అసలు పాలిమర్ పదో వంతే ఉండవచ్చు, అంతకన్నా తక్కువా ఉండవచ్చు. ద్రవం 2 శాతం వేసి పాలిమర్ 2 శాతం వేశానని రాసుకుంటే లెక్క పదింతలు తప్పు. సరఫరాదారు ఇచ్చే కాగితంలో ఘన శాతం ఎంతో చూడండి. పది శాతం ద్రవంతో ఒక శాతం పాలిమర్ కావాలంటే గ్రీజులో పదో వంతు ఆ ద్రవమే పోయాలి. అంత నూనె చేరితే గ్రీజు పలచబడుతుంది. అందుకే తయారైన గ్రీజులో పైనుంచి కలిపే పద్ధతికి పరిమితి ఉంది. జిగురు ద్రవం ఒకటి నుంచి మూడు శాతం దాకా సౌకర్యంగా పడుతుంది, ఆ పైన గట్టి గ్రీజుతో మొదలుపెట్టాల్సి వస్తుంది.

తయారైన గ్రీజులో కలిపే తీరు ఇది. గ్రీజును నీటి ఆవిరి తొట్టి మీదగానీ విద్యుత్ హీటరు మీదగానీ 60 నుంచి 70 డిగ్రీలకు తేవాలి. ద్రవ పాలిమర్‌ను కూడా కొంచెం వెచ్చబెట్టాలి. గరిటె లాంటి వెడల్పు తెడ్డుతో, గాలి పట్టకుండా, ముప్పావుగంట నెమ్మదిగా తిప్పాలి. డ్రిల్లు మెషీనుకు తెడ్డు బిగించి గిర్రున తిప్పారో, పాలిమర్‌ను కొని మీ చేతులతోనే కోసినట్టు. ఒక రాత్రి, ఒక పగలు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే పరీక్ష పెట్టండి. వేడి మీద కనిపించే మెత్తదనం నమ్మకూడదు.

ఐదో మెట్టు: వంటలో కలపడం

ఈ భాగం గ్రీజు వండే కెటిల్ ఉన్నవారికి మాత్రమే. రెండు వందల డిగ్రీల నూనె, క్షారం, నురుగు, ఇవన్నీ ఒకచోట ఉండే పని ఇది. కట్టెల పొయ్యి మీద, మూత లేని డ్రమ్ములో చేయకూడదు. కళ్లద్దాలు, వేడి నూనెకూ క్షారానికీ నిలిచే చేతి తొడుగులు, గాలి పోయే దారి, పక్కనే నూనె మంటలకు పనికొచ్చే ఆర్పే సాధనం ఉండాలి. మండుతున్న నూనె మీద నీళ్లు పోయకూడదని పనివాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఇరవై కిలోల విడతకు నేను వాడిన లెక్క ఇస్తాను. నూనె మొత్తం సుమారు 17.3 కిలోలు. ఇందులో సగం ఎస్‌ఎన్ 500 (మధ్యరకం చిక్కదనం ఉన్న ఖనిజ నూనె), సగం బ్రైట్ స్టాక్ (అంతకన్నా చాలా చిక్కటిది) వేస్తే 40 డిగ్రీల వద్ద చిక్కదనం రెండు వందల సెంటీస్టోకుల (నూనె చిక్కదనం కొలిచే ప్రమాణం) దగ్గరికి వస్తుంది. నెమ్మదిగా తిరిగే, నీళ్లు తగిలే బేరింగులకు అది తగిన చిక్కదనం. పలచని నూనెలో ఎంత పాలిమర్ వేసినా చిక్కని నూనె ఇచ్చే పొర రాదు. 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం 1.7 కిలోలు. లిథియం హైడ్రాక్సైడ్ మోనోహైడ్రేట్ 235 గ్రాములు. ఆమ్లం సంచి మీద యాసిడ్ విలువ (ఆమ్లానికి ఎంత క్షారం పడుతుందో చెప్పే అంకె) 180 ఉంటే కిలో ఆమ్లానికి సుమారు 135 గ్రాముల క్షారం సరిపోతుంది, నేను రెండు మూడు శాతం ఎక్కువ వేస్తాను. యాసిడ్ విలువ మారితే లెక్క మార్చుకోండి. ఓసీపీ ఘనరూపంలో 200 గ్రాములు, తుప్పు నిరోధకం 200, ఆక్సీకరణ నిరోధకం 100, చివర్లో పీఐబీ జిగురు ద్రవం 300 గ్రాములు.

ముందురోజే ఓసీపీని కరిగించి పెట్టుకోండి. గోళీకాయంత ముక్కలుగా కోసి, మూడు కిలోల నూనెలో 120 నుంచి 140 డిగ్రీల మధ్య, నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ఇది గంటలో అయ్యే పని కాదు, కొన్నిసార్లు పూటంతా పడుతుంది. తొందరపడి ముక్కలన్నీ ఒకేసారి వేస్తే మజ్జిగ పులుసులో శనగపిండి ఉండ కట్టినట్టు పైన కరిగి లోపల కరగని ఉండలు మిగులుతాయి. అవి తర్వాత గ్రీజు గన్‌లో, నిపుల్‌లో అడ్డం పడతాయి. చివర సన్నని ఉక్కు జాలీలో వడకట్టండి.

వంట రోజున, మిగిలిన నూనెలో సుమారు ఎనిమిది కిలోలు కెటిల్‌లో పోసి ఆమ్లం వేసి 85 డిగ్రీలకు తెచ్చి కరిగించండి. క్షారాన్ని లీటరుంపావు వేడి నీళ్లలో కలిపి, సన్నని ధారగా పోయండి. పాలు పొంగినట్టు పొంగుతుంది. కెటిల్ సగానికి మించి నిండకూడదన్నది అందుకే. మొదటిసారి నేను ముప్పాతిక నింపి, షెడ్డు నేలంతా సబ్బు చేశాను. 90 నుంచి 100 డిగ్రీల మధ్య గంటసేపు సబ్బు కానిచ్చి, నెమ్మదిగా వేడి పెంచి నీళ్లు పూర్తిగా పోగొట్టాలి. నీళ్లు ఉండగా వేడి ఎక్కిస్తే మళ్లీ పొంగుతుంది. తర్వాత 200 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. అక్కడ సబ్బు కరిగి మొత్తం పారదర్శకంగా, పలచగా అవుతుంది. ఆ క్షణం చూడటానికి బాగుంటుంది, ఎన్నిసార్లు చూసినా.

వేడి ఆపి, మిగతా చల్లని నూనె పోసి 150 డిగ్రీలకు దించండి. సబ్బు మళ్లీ పీచు కట్టడం ఈ చల్లారే దశలోనే. ఓసీపీ ద్రావణాన్ని ఇప్పుడు, తిప్పుతూ పోయాలి. పీచు అల్లుకుంటున్నప్పుడే గొలుసులు మధ్యలో ఉంటే రెండు వలలూ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. అంటుకట్టిన ఓసీపీ వాడుతుంటే మాత్రం క్రమం తలకిందులు: దాన్ని క్షారం పోయడానికి ముందే, ఆమ్లంతో పాటే నూనెలో కరిగించి ఉంచాలి. దాని కొమ్మలూ క్షారాన్ని తింటాయి కనుక సరఫరాదారు చెప్పినంత మేర క్షారం పెంచాలి.

80 డిగ్రీల కిందికి వచ్చాక తుప్పు నిరోధకం, ఆక్సీకరణ నిరోధకం వేసి, కొల్లాయిడ్ మిల్లులో (సన్నని సందులోంచి నలిపి గ్రీజును నునుపు చేసే యంత్రం) నడపాలి. ఇక పీఐబీ జిగురు. ఇది మిల్లు తర్వాతే, 60 డిగ్రీల దగ్గర, నెమ్మది తెడ్డుతో. నా దగ్గర పనిచేసే కుర్రవాడు ఒకసారి వరుస మరచి మిల్లుకు ముందు పోశాడు. ఒక్కసారి మిల్లు దాటేసరికి తీగ మాయం. ద్రవం డబ్బు మొత్తం నూనె ధరకు పడిపోయింది. ఆ రోజు నుంచి ఆ డబ్బా మీద "మిల్లు తర్వాత" అని ఎర్ర రంగుతో రాయించాను.

ఆరో మెట్టు: గట్టిదనం చూసుకోండి

ఎన్‌ఎల్‌జీఐ (గ్రీజు గ్రేడులు నిర్ణయించే అమెరికా సంస్థ) 2వ గ్రేడు అంటే 25 డిగ్రీల దగ్గర, అరవై సార్లు పిసికాక, 150 గ్రాముల శంకువు ఐదు సెకన్లలో 26.5 నుంచి 29.5 మిల్లీమీటర్లు దిగాలి. కాగితాల మీద దీన్ని 265 నుంచి 295 అని రాస్తారు. ఘన పాలిమర్ వేస్తే గట్టిపడుతుంది, ద్రవ జిగురు వేస్తే దానిలోని నూనె వల్ల మెత్తబడుతుంది. రెండూ వేసినప్పుడు ఎటు తూగుతుందో కొలిస్తే గానీ తెలియదు. పెనిట్రోమీటర్ కొనలేకపోతే నమూనాను పరీక్షశాలకు పంపండి, ఇక్కడ వేలి లెక్క పనికిరాదు. గట్టిగా వస్తే నూనె కలిపి మళ్లీ మిల్లు పట్టవచ్చు (పీఐబీ వేయకముందు అయితేనే). మెత్తగా వస్తే తర్వాతి విడతలో సబ్బు పెంచాలి.

ఏడో మెట్టు: నీళ్ల పరీక్షలు

నీటిలో కొట్టుకుపోవడాన్ని కొలిచే ప్రమాణ పరీక్ష, పరీక్షా ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎం సంస్థది, డి 1264. దానికి వాడేది మన బేరింగు దుకాణాల్లో దొరికే 6204 బేరింగే. అందులో 4 గ్రాముల గ్రీజు పెట్టి, నిమిషానికి 600 చుట్లు తిప్పుతూ, సెకనుకు 5 మిల్లీలీటర్ల చొప్పున వేడి నీళ్లు గంటసేపు కొట్టి, ఆరబెట్టి, ఎంత గ్రీజు పోయిందో తూస్తారు. నీటి వేడి 38 లేదా 79 డిగ్రీలు. వాహనాల చక్రాల గ్రీజుకు ఎన్‌ఎల్‌జీఐ పెట్టిన జీసీ-ఎల్‌బీ ప్రమాణంలో ఈ నష్టం 15 శాతం మించకూడదు.

షెడ్డులో దీనికి నకలు చేసుకోవచ్చు. పాత మోటారు, పుల్లీ, ఒక కుళాయి గొట్టం, గ్రాములో పదో వంతు దాకా తూచే త్రాసు చాలు. మీ అంకె ప్రమాణ అంకెతో సరిపోలదు, పోల్చవద్దు కూడా. మీ నాలుగు సీసాలను ఒకదానితో ఒకటి పోల్చడానికే అది. తూచే ముందు బేరింగును వెచ్చని చోట పూర్తిగా ఆరబెట్టండి. లోపల నిలిచిన నీటిని గ్రీజు బరువుగా లెక్కేసుకుని మురిసిపోవడం చాలా సులభం.

జల్లు పరీక్ష, అంటే డి 4049, ఏరియేటర్ వారికి దీనికన్నా ముఖ్యం. ఉక్కు పలక మీద 0.8 మిల్లీమీటర్ల మందాన గ్రీజు పూసి, 38 డిగ్రీల నీటిని 276 కిలోపాస్కల్ ఒత్తిడితో ఐదు నిమిషాలు కొడతారు. వాహనాలు కడిగే పంపును తక్కువ ఒత్తిడికి దించి, ప్రతిసారీ అదే దూరం, అదే సమయం పాటిస్తే పోలికకు సరిపోతుంది. పాలిమర్‌ల మధ్య తేడా ఎక్కువగా బయటపడేది ఇక్కడే. పీఐబీ ఎక్కువ వేసిన సీసా వేళ్ల మధ్య గెలిచి, పలక మీద పెద్ద పొరలుగా ఊడిపోవడం మీరు కూడా చూడవచ్చు. జిగురు గ్రీజును గ్రీజుకు పట్టి ఉంచింది, లోహానికి కాదు.

హబ్బు బురద కోసం మరో పరీక్ష. వంద గ్రాముల గ్రీజులో పది గ్రాముల చెరువు నీళ్లు వేసి, పావుగంట గట్టిగా పిసికి, మళ్లీ గట్టిదనం కొలవండి. నీళ్లు కలిశాక జారిపోయే గ్రీజు దమ్ములో నిలవదు. చివరగా తుప్పు. మేకులు శుభ్రంగా తోమి, పలచగా గ్రీజు పూసి, ఉప్పు చెరువు నీళ్ల సీసాలో వారం ఉంచండి. ఇందులో ఓడితే పాలిమర్ పెంచవద్దు, నిరోధకం పెంచండి.

నూనె ఊరడం కూడా చూడాలి. వడపోత కాగితం మీద ఒకే బరువు ముద్దలు పెట్టి, రెండు రోజుల తర్వాత నూనె మరక చుట్టుకొలత చూడండి. పాలిమర్ ఎక్కువైన ముద్ద చుట్టూ మరక చిన్నది. చూడటానికి బాగున్నా బేరింగుకు అందేది ఆ ఊరిన నూనే. మరీ బిగించి కడితే గ్రీజు నిండుగా ఉండి కూడా బేరింగు ఎండిపోతుంది. నా అనుభవంలో పాలిమర్ ఒక శాతం దాటాక లాభం తగ్గుతూ, ఈ నష్టం పెరుగుతూ వచ్చింది. మీ సీసాల్లో ఆ మలుపు ఇంకోచోట ఉండవచ్చు.

ఎక్కడ వాడకూడదు

రైస్ మిల్లు బ్లోయరులో 6305 బేరింగు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందనుకోండి. లోపలి, బయటి వ్యాసాల సగటు 43.5 మిల్లీమీటర్లు. ఆ సగటునూ చుట్లనూ గుణిస్తే లక్షా ముప్పై వేలు; గ్రీజు మీద పడే వేగాన్ని పోల్చే అంకె ఇది. ఏరియేటర్ షాఫ్టుకు ఇదే లెక్క నాలుగైదు వేలు దాటదు. తీగ సాగే గ్రీజు అంత వేగంలో పక్కకు తప్పుకోదు, గుండ్ల వెంట తిరుగుతూ చిలుక్కుని వేడెక్కుతుంది. చెరువుకు చేసిన గ్రీజునే ఒక మిల్లుకు ఇచ్చి ఈ పాఠం నేర్చుకున్నాను. బేరింగు మీద చెయ్యి పెట్టలేకపోయారు. అక్కడ పీఐబీ లేని గ్రీజు ఇవ్వాలి, ఓసీపీ కూడా అరశాతానికి మించకూడదు.

బియ్యానికి గ్రీజు తగిలే అవకాశం ఉన్న చోటికి ఈ వంటకం ఏదీ పనికిరాదు. ఆహారానికి పొరపాటున తగిలినా ఫరవాలేదని ధ్రువీకరించిన హెచ్1 రకం గ్రీజు కొనుక్కోవాలి. చక్కెర మిల్లుల్లోలాగా పొడవాటి గొట్టాల ద్వారా గ్రీజు పంపే చోట జిగురు ఎక్కువైతే పంపు లాగలేదు. అక్కడ ఒకటో గ్రేడుకు దిగండి.

ఎనిమిదో మెట్టు: చెరువులో పెట్టి చూడటం

గెలిచిన సీసాను ఒకే చెరువులోని ఏరియేటర్లలో సగానికి వాడండి, మిగతా సగానికి పాత గ్రీజే. గుర్తుకు రంగు పూయండి. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, కిరోసిన్‌తో కడిగి, ఆరాకే కొత్తది నింపండి. రెండూ కలిస్తే ఏది నిలిచిందో తెలియదు. గ్రీజు కొట్టే ముందు స్టార్టరు దగ్గర కరెంటు ఆపి, ఫ్యూజు తీసి మీ జేబులో వేసుకోండి. నీళ్లలో నిలబడి చేసే పని ఇది. నిపుల్ నుంచి పొంగి కారిన గ్రీజును గుడ్డతో తుడిచేయండి, చెరువులో పడనివ్వకండి.

వనామి రొయ్య పంట మూడు నాలుగు నెలలు. వారానికోసారి షాఫ్టు చేత్తో తిప్పి, శబ్దం విని, సీలు అంచున గ్రీజు రంగు చూసి నోటుబుక్కులో రాయండి. తెల్లగా మారుతోందంటే నీళ్లు చేరుతున్నాయి. ఎర్రగా ఉంటే తుప్పు. నల్లగా ఉంటే లోహం అరుగుతోంది. పంట పట్టి చెరువు ఎండగట్టినప్పుడు రెండు రకాల నుంచీ రెండేసి బ్లాకులు విప్పండి. ట్రాక్టరు హబ్బులు, పంపు బేరింగుల సంగతి వేసవిలో కాలువలు కట్టేశాక తేల్చవచ్చు. యంత్రాలు ఖాళీగా ఉంటాయి, మేస్త్రీలు దొరుకుతారు, విప్పిన బేరింగును ఎండలో తెల్ల గుడ్డ మీద పెట్టి తీరిగ్గా చూడవచ్చు. రైతు అప్పటికీ వేళ్ల మధ్య తీగ లాగి చూపించమంటే, పాత బ్లాకు, కొత్త బ్లాకు పక్కపక్కన పెట్టి ఆయన చేతికే ఇవ్వండి.